నొనోటి వరద ఈదిన కిష్టసామి

దక్షిణాఫ్రికాలోని డార్నల్ ఊళ్ళో చక్కెర మిల్లులో ముప్పై రెండేళ్ళు బాయిలర్ వేడికి మాడిన కిష్టసామి, 1995లో రిటైరైన మర్నాడే సముద్రం మీదికి పోతానన్నాడు. అంతకు ముందు ఏడాదే తెల్లవాళ్ళు కానివాళ్ళకూ ఓటు హక్కొస్తే, జీవితంలో మొదటిసారి ఓటు వేసి వచ్చాడు, ఆ ఊపు ఇంకా దిగలేదు. చిన్నప్పటి నుంచీ రాళ్ళ మీద నిలబడి గాలం వేసినవాడే గానీ, విరిగిపడే అలల అవతల ఏముంటుందో ఎన్నడూ చూడలేదు. మిల్లు స్నేహితుడు బేసిల్ ఒక మోటారు పడవ కొన్నాడు. శనివారం రమ్మన్నాడు, లైఫ్ జాకెట్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డార్నల్‌లో కిష్టసామికి గొప్ప పేరుంది. ఇరవై మూడేళ్ళ వయసులో, నొనోటి నదికి వరదొచ్చి ఒక ఆవు కొట్టుకుపోతుంటే, ఈదుకుంటూ వెళ్ళి దాన్ని ఒడ్డుకు చేర్చాడని. ఆ ఆవు ఇందిర తండ్రిది. ఆవును తెచ్చిన చేతుల్లోనే ఆయన పిల్లనూ పెట్టాడు. అప్పటి నుంచి ముప్పై మూడేళ్ళుగా ఎక్కడ నలుగురు చేరినా ఆ వరద మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా నది ఇంకాస్త వెడల్పయ్యేది.

అసలు కిష్టసామికి ఈత రాదు. ఎక్కడ నేర్చుకుంటాడు? ఈతకొలను తెల్లవాళ్ళది, మెత్తటి ఇసుకున్న తీరం తెల్లవాళ్ళది, బోర్డులు పాతి మరీ చెప్పేవారు. నేర్చుకోనివ్వని వాళ్ళకు లేని సిగ్గు ఈయనకెందుకో నాకైతే అర్థం కాదు. ఆయనకు మాత్రం చచ్చేంత సిగ్గు.

డర్బన్‌లో పడవ సామాన్ల దుకాణానికి భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. అక్కడి హేజెల్ అనే ఆవిడ ఓపికగా రెండు రకాల లైఫ్ జాకెట్లు తీసి చూపించింది. మాన్యువల్ అయితే నీళ్ళలో పడ్డాక మనమే తాడు లాగాలి, అప్పుడు లోపలి చిన్న గ్యాస్ సిలిండర్ తెరుచుకుని జాకెట్ ఉబ్బుతుంది. ఆటోమేటిక్‌లో ఒక మాత్ర ఉంటుంది, నీళ్ళకు అది కరగ్గానే జాకెట్ దానంతట అదే ఉబ్బుతుంది, మనిషి స్పృహ తప్పినా సరే. కాకపోతే అలల్లోంచి దూసుకుపోయే పడవలో బాగా తడిసిందంటే పడకుండానే ఉబ్బి కూర్చుంటుంది. ఇదంతా చెప్పి, మీకు ఈత వచ్చా అని అడిగింది.

ఇందిర పక్కనే నిలబడి హ్యాండ్‌బ్యాగ్ జిప్పు సర్దుకుంటోంది. నొనోటి వరదనే ఈదినవాణ్ణి అని కిష్టసామి ఇంగ్లీషులో జవాబిచ్చి, మాన్యువల్ జాకెట్ చంకన పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు. అలలో పడ్డాక చెయ్యి తాడు మీదికి పోతుందా, ముందు పైప్రాణాలు పైనే పోతాయా? మూడో రోజు పెన్షన్ ఆఫీసులో పనుందని చెప్పి ఒక్కడే డర్బన్ వెళ్ళి, జాకెట్ మార్చి ఆటోమేటిక్ తెచ్చుకున్నాడు. రెండూ ఒకే ఎరుపు, ఒకే కుట్టు. హేజెల్ నవ్వి బిల్లు మార్చి ఇచ్చింది.

శనివారం తెల్లారింది. ఆ ఇంట్లో కుట్టుమిషను నుంచి ఫ్రిజ్ దాకా ఏ కొత్త వస్తువొచ్చినా ఇందిర పసుపు నీళ్ళు చల్లి బొట్టు పెట్టనిదే వాడనివ్వదు. ఇది సముద్రం మీదికి పోయే వస్తువాయె, గంగమ్మ దగ్గర లోటు చెయ్యకూడదని, చల్లడంతో సరిపెట్టక చెంబెడు నీళ్ళూ జాకెట్ మీద కుమ్మరించింది. దండం పెట్టి కళ్ళు తెరిచేలోగా అది ఫట్‌మని ఉబ్బి, హారతి పళ్ళేన్ని సోఫా కిందికి తోసి, గుమ్మడికాయలా కూర్చుంది.

కిష్టసామిని తీసుకెళ్ళడానికి వచ్చి బయట ఎదురుచూస్తున్న బేసిల్ చప్పుడుకు పరుగెత్తుకొచ్చాడు. ఒక్క చూపు చూసి, ఇది ఆటోమేటిక్ కదా అన్నాడు. దుకాణంవాళ్ళు పొరపాటున ఇచ్చారన్న మాట కిష్టసామి నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, నొనోటి వరద పదిలం. కానీ ఇందిర పసుపు చేతులతో అలాగే నిలబడి చూస్తోంది.

"ఇందిరా," అన్నాడు. "నాకి ఈత రాదు."

"నాకి ఎరికే," అంది ఆవిడ. "ఆ దినం నాను గట్టు మీదే ఉన్నాను. నువ్వు ఆవు తోక ఇడవలేదు. అదే నిన్ను ఈడ్చుకోని వచ్చింది."

"మరి ఇన్నాళ్ళు చెప్పలేదేటి?"

"చెప్తే మా నాన్న ఆవుకి దండేసి నిన్ను తోలేసును. నాకి నువ్వు కావాల."

కిష్టసామి సోఫాలో కూలబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ముప్పై మూడేళ్ళుగా మోస్తున్న నదిని ఒక్కసారిగా దించేసినట్టయింది. ఆ రోజుకు పడవ ప్రయాణం లేదు, ఉబ్బిన జాకెట్‌కు కొత్త సిలిండరూ మాత్రా వెయ్యాలి.

సోమవారం మళ్ళీ దుకాణానికి వెళ్ళారు. మీకు ఈత రాదన్నమాట అని హేజెల్ మెల్లగా అడిగింది. రాదు అని కిష్టసామి దుకాణమంతా వినేలా చెప్పాడు. ఓటు వేసిన రోజున కూడా అంత తేలిగ్గా అనిపించలేదట. ఇందిర వెంటనే తనకూ ఒక ఆటోమేటిక్ కావాలంది. ఇన్నేళ్ళూ ఒడ్డునే నిలబడి చూశాను, ఇక నిలబడను అంది.

తరవాతి శనివారం బేసిల్ పడవ అలల్లోకి దూకింది. మూడో అలకు ముగ్గురూ నిలువునా తడిశారు, భార్యాభర్తల జాకెట్లు రెండూ ఫట్‌ఫట్‌మని ఉబ్బాయి. బేసిల్ తల పట్టుకున్నాడు. ఆ పైన అలలు వెనకబడ్డాయి. ఎదురుగా నీలంగా, నెమ్మదిగా, అంతు లేకుండా నీళ్ళు.

ఇందిర చాలాసేపు చూసింది. తల తిప్పుదామంటే జాకెట్ అడ్డం, అందుకని మనిషే ఇటు తిరిగింది.

"నొనోటి ఇంత ఎడల్పు ఉండెనా?" అంది.

"ఇంకా పెద్దది," అన్నాడు కిష్టసామి. "ఆ ఆవునే అడుగు."