పళ్ళక్క రంగేసిన విమానం

ఆవిడ పని కట్టుడు పళ్ళు చేయడం. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ఇంటి ముందుగదిలో కూర్చుని మైనంతో, ప్లాస్టరుతో, గులాబీరంగు చిగుళ్ళ ముద్దతో పళ్ళ సెట్టు తయారుచేసి పంపేది. అందుకే వీధిలో అందరికీ ఆవిడ పళ్ళక్క. ఎవరి నవ్వు సొంతమో, ఎవరి నవ్వు తన చేతి చలవో ఆవిడకు బాగా తెలుసు. అయితే పొరపాటున కూడా పొక్కనిచ్చే మనిషి కాదు.

పరాయివాళ్ళు నోళ్ళప్పగించేంత నమ్మకమున్న ఆ చేతులకు పుట్టింట్లో మాత్రం చెడ్డపేరు. చిన్నప్పుడు అన్నయ్య ఎన్నాళ్ళో అడిగి కొనిపించుకున్న ప్లాస్టిక్ విమానానికి దుమ్ము పట్టిందని, పాపం, మంచి చేద్దామనే వేణ్ణీళ్ళతో కడిగింది. ఆ నీళ్ళు మరుగుతున్నాయి. రెక్కలు రెండూ ఎండుటాకుల్లా ముడుచుకుపోయాయి. అంతే! గాజు గ్లాసైనా, పసిబిడ్డైనా సరే, ఆవిడవైపు వస్తుంటే అన్నయ్య కేక వినిపించాల్సిందే: "దాని చేతికి మాత్రం ఇవ్వకండర్రా!" అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. జుట్టు నెరిశాక కూడా ఆ మాట వింటే లోపల చురుక్కుమంటుందని మాత్రం ఎవరితోనూ అనలేదు.

అలాంటి అన్నయ్య ఒకనాటి పొద్దున ఒక అట్టపెట్టెను పొట్టకు హత్తుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆయన గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. కొట్టు మూసేశాక కాలక్షేపానికి విమానాల బొమ్మలు అతికించడం మొదలుపెట్టాడు. ఈమధ్యే చెయ్యి వణకడం మొదలైంది.

"చెల్లాయ్, అతికించడం వరకూ ఎలాగో లాక్కొచ్చాను. రంగు దగ్గర చెయ్యి నిలవట్లేదే. నీ దగ్గర పళ్ళమీది పొడి ఊదే గాలి మిషనుంది కదా, దానికి స్ప్రే గన్ను తగిలించి నువ్వే వెయ్యాలి."

"నేనా? స్ప్రే గన్ను ఎలా పట్టుకుంటారో కూడా నాకు తెలీదు అన్నయ్యా!"

"పెన్నులాగే పట్టుకుంటారు. ఇదిగో, తెచ్చాను. మెరిసిపోయేలా వద్దు సుమా. ఎండా వానా తిని, ఏళ్ళతరబడి ఎగిరిన దానిలా ఉండాలి." గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఇంకోమాట. దాన్ని చక్రాల మీద నిలబెట్టకు. కాళ్ళు సున్నితం."

మెట్ల మీంచి కూడా అదే మాట అరిచాడు. చూశారా, ఇచ్చినట్టే ఇచ్చి నమ్మకం లేదంటాడు! పళ్ళక్కకు ఒళ్ళు మండింది. అయినా విమానాన్ని బల్లమీద పడుకోబెట్టి గట్టిగా అనుకుంది: దీన్ని చక్కగా చేసి ఆయన చేతిలో పెడితే ఆ పాడుమాట ఇక చచ్చిపోతుంది. చెడగొట్టానా, నేను పోయేదాకా నా వెంటే ఉంటుంది.

ముందు విమానం జోలికే వెళ్ళలేదు, చెంచాల మీద నేర్చుకుంది. రంగు చిక్కగా పోస్తే గన్ను దగ్గి దగ్గి ఉమ్మేసింది. మరీ పల్చన చేస్తే రంగు సాలెపురుగు కాళ్ళలా నాలుగువైపులా పారింది. దూరంనుంచి కొడితే గరుకుగా ఇసుక చల్లినట్టయింది. వంటింట్లోంచి ఆవిడ భర్త గొంతు: "ఏమోయ్, ఇవాళ కాఫీలో చక్కెర వేలితో కలుపుకోవాలా?" కలుపుకోండి అంది ఆవిడ, తలెత్తకుండా.

పట్టుబడడానికి చాలా రోజులే పట్టింది. రంగు పాలంత పల్చగా ఉండాలి. ముందు గాలి వదలాలి, తరవాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు కట్టాలి, తరవాత గాలి. చెయ్యి ఒకచోట ఆగకూడదు. ఒకేసారి ముంచేయకుండా పొరమీద పొర. ఒక చెంచా మీద బూడిదరంగు పట్టుబట్టలా పరుచుకున్న రోజు ఆవిడ దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని, వెర్రిదానిలా, ఎంతసేపు చూసుకుందో!

అప్పుడు విమానాన్ని తీసింది. వెనకున్న పొగగొట్టంలో పుల్ల దూర్చి, ఆ పుల్ల పట్టుకుని రంగేసింది. ఆరడానికి పుల్లను ప్లాస్టరు ముద్దలో గుచ్చింది. నిలబెట్టొద్దన్నాడుగా, నిలబెట్టలేదు.

ఇక మురికి చేయడం. ఇది ఆవిడకు కొత్తేమీ కాదు. ముసలాయనకు ముత్యాల్లాంటి పళ్ళు పెడితే మైలు దూరాన్నుంచే దొరికిపోతాడని మొదళ్ళలో కాస్త పసుపు, ఒక పంటికి సన్నటి గీత పెట్టడం ఆవిడకు అలవాటే. అయినా నల్లటి నూనెరంగు పల్చన చేసి ముందు చెంచామీదే పూసింది. తుడిస్తే కింది రంగుతో సహా ఊడొచ్చింది! పైప్రాణాలు పైనే పోయాయి. మధ్యలో వార్నిష్ పొర వేయాలట. వేశాక, విమానం మీద నలుపు పూసి తుడిస్తే, రేకుల అతుకుల్లో మాత్రమే సన్నగా నిలిచింది. స్పాంజి ముక్కతో అంచుల్లో రంగు లేచినట్టు చుక్కలద్దింది. పొగగొట్టం చుట్టూ మసి, పొట్టకింద నూనె చారలు. చేస్తూ చేస్తూ పాట కూడా పాడుకుంది.

అన్నయ్యా వదినా వచ్చేరోజు పొద్దున్నే పుల్ల పీకేసి, ఒక్కసారి చూసుకుందామని దాన్ని మెల్లగా చక్రాల మీద నిలబెట్టింది. ముందు ఒక చక్రం, వెనక రెండు. చెయ్యి తీసిందో లేదో ముక్కు పైకి లేచింది, తోక టక్కున బల్లకు తగిలింది. విమానం కుక్కపిల్లలా చతికిలబడి ఆవిడ మొహంలోకి చూసింది. ముక్కు కిందికి నొక్కి వదిలింది. మళ్ళీ అంతే!

ఆవిడ తోకను వేలితో తడిమి చూసింది. తోకవైపే కదా మసి ఎక్కువ పూసింది? పొరమీద పొర, దానిమీద వార్నిష్, మళ్ళీ రంగు. బరువెక్కిపోయింది. నా చేత్తో నేనే చెడగొట్టాను. ఇంతలోనే కాలింగ్ బెల్ మోగింది. దాచేద్దామా అనిపించింది. ఏం దాస్తుంది, ఆయన చూపు లోపలికి వస్తూనే బల్లమీద పడింది.

"క్షమించు అన్నయ్యా," అంది పళ్ళక్క. "రంగు ఎక్కువేసేశాను. తోక బరువెక్కి కూలబడింది."

వదిన చెయ్యి నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈయనెప్పుడూ అంటూనే ఉంటారు, దాని చేతికి మాత్రం..."

"నువ్వాగు," అన్నాడు అన్నయ్య.

విమానాన్ని చూశాడు. చెల్లెల్ని చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది పళ్ళక్కకు.

"రంగుకి అంత బరువెక్కడుంటుందే పిచ్చిదానా," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "మూసేముందు ముక్కులో బరువు పెట్టాలి. నేను మర్చిపోయాను. అతికించేశాక నిలబెడితే ఇలాగే కూలబడింది."

"అంటే... నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"అందుకేనా నిలబెట్టకు నిలబెట్టకు అని మెట్లన్నీ అదిరేలా అరిచావు?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే? ఇన్నేళ్ళూ నిన్ను ఆడిపోసుకుని! ఇప్పుడు కూడా, నీ తప్పే అని నువ్వే అంటుంటే, ఊరుకుందామా అనుకున్నాను. సిగ్గేసింది."

పళ్ళక్కకు ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. "ఇందాకటినుంచి చచ్చి బతికాను కదయ్యా!" అంటూ ఆయన భుజమ్మీద ఒక్కటేసింది. ఆయన నోరెత్తకుండా తిన్నాడు. వదిన ఇంకోటి కూడా వెయ్యమంది.

ఆ తరవాతిదంతా ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ముందు చక్రం గూట్లో చిన్న చిల్లు పెట్టి, పళ్ళ పనిలో మిగిలిన లోహపు తునకలు లోపలికి దూర్చింది. చిగుళ్ళ ముద్దతో మూసింది. గట్టిపడ్డాక నిలబెడితే, విమానం మూడు చక్రాల మీదా బుద్ధిగా నిలబడింది.

"పోనీలెండి, చిగుళ్ళొచ్చాయి, పళ్ళొక్కటే తక్కువ," అంది వదిన.

అన్నయ్య మాత్రం నవ్వలేదు. తన ముక్కు బల్లకానించి రెక్కల అంచులు, మసి, నూనె చారలు ఒక్కొక్కటే చూశాడు. "ఎంత బాగా చేశావే," అన్నాడు. ఆ మాట ఆయన నోట ఆవిడ ఎప్పుడూ వినలేదు.

వెళ్ళేటప్పుడు పెట్టె వదిన ఎత్తుకుంది. మెట్ల దగ్గర అన్నయ్య ఆగాడు.

"నీకొద్దు, ఇరుకు మెట్లు," అన్నాడు భార్యతో. "దాని చేతికివ్వు."

పళ్ళక్క పెట్టె అందుకుని ముందు దిగింది.