బలురక్కసి పీకిన చేతులు

దేవనకొండ దగ్గర శనగచేలో కలుపు తీసేటప్పుడు, ఒళ్ళంతా ముళ్ళతో పచ్చగా పూసే బలురక్కసి మొక్కను మేమంతా చేతికి గుడ్డ చుట్టుకుని పీకేవాళ్ళం. మా పెద్దమ్మ మాత్రం ఉత్త చేత్తోనే వేళ్ళతో సహా పెరికేది. "దీనికంటే మీ పెద్దనాయన సెయ్యే గరుకు" అని నవ్వేది.

ఒకరోజు పెద్దనాయన తాగి చేనికే వచ్చాడు. ఇంట్లో పెట్టొచ్చిన అన్నం చల్లగా ఉందని అందరి ముందూ పెద్దమ్మను జుట్టు పట్టుకుని కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. చేతిలో అప్పుడే పీకిన మొక్కలున్నాయి. వాటితోనే ఆయన వీపు మీద బాదింది. చొక్కా చినిగి నెత్తురు కారేదాకా బాదింది. "సంపుతాంది, పట్టుకోండి!" అని ఆయన అరిచాడు. మేమెవరమూ కదల్లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, "ముండ్లు తియ్యే" అని ఆయన బతిమాలాడు.

"అన్నం ఆడ పెట్టినా, తిను. ముండ్లు నువ్వే తీసుకో" అని ఆమె లోపలికి పోయింది.

వీపుకు చెయ్యి అందదు. ఆయన పిన్నీసు పట్టుకుని అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళను పిలిచాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ముల్లు తీసేముందు, "ఇన్ని ఎట్ల గుచ్చుకున్యాయప్పా?" అని అడిగారు. ఒక్కొక్కరికీ ఆయన తలొంచుకుని చెప్పుకోవలసి వచ్చింది.