శవానికి డైలాగు

పొద్దున్నే ఆరింటికి మధురానగర్‌లో ఒక మేడ మీదికి యోగాకు వెళ్లిన రోజులు తలుచుకుంటే నా నడుము ఇప్పటికీ మెత్తబడుతుంది. అప్పుడు ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు మాటలు రాసేవాణ్ణి. నా ఆందోళన ఎంతటిదంటే, నేనెక్కితే లిఫ్టుకు బీపీ వచ్చేది.

నా పక్క చాప ఒక జూనియర్ ఆర్టిస్టుది. వేషం ఎప్పుడూ శవమే. వరదలో కొట్టుకొచ్చాడు, పాడె మీద ఊరేగాడు, ఏనాడూ రెండో టేకు తీసుకోలేదు. అతను శవాసనం వేస్తే చీమలు సంతాపం తెలిపి పక్కనుంచి పోయేవి.

అలాంటివాడు ఒక సోమవారం శవాసనంలో చేపలా కొట్టుకున్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"నీ సినిమాలనే డైలాగ్ ఇచ్చిన్రన్నా. కోర్టుల బంట్రోతును. 'అందరూ లేచి నిలబడండి' అనాలె. మూడు రోజుల సంది నిద్ర లేదు."

"మూడు మాటలే కదా."

"నీకేందన్నా, రాసి ఇంట్ల పండుకుంటవ్. మొఖం నాది."

మా గురువుగారు తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ టీచరు. ఆవిడ నవ్వలేదు.

"చూడు బాబూ, బెంగకి వేరు అవిద్య. మనం కానిదాన్ని మనమనుకోవడం. దాంట్లోంచి 'నేను' మొలుస్తుంది. దానికి మెప్పు కావాలి, అది రాగం. తిట్టు పడదు, అది ద్వేషం. ఆఖరికి ఆ నేను ఎక్కడ పోతుందోనని భయం, అదే అభినివేశం. శవంగా ఉన్నన్నాళ్లూ నీకీ గొడవ లేదు. ఇప్పుడు మొలిచింది."

"పీకెయ్యాల్నా మేడం?"

"పీకితే రాదు. ఊపిరిని చూస్తూ ఉండు. ఆ 'నేను' నువ్వు కాదని తెలిసేకొద్దీ తనే ఎండుతుంది."

షూటింగు రోజు అతను ఊపిరిని ఎంత శ్రద్ధగా చూశాడంటే, యాక్షన్ అన్నాక కూడా చూస్తూనే ఉన్నాడు. జడ్జిగారొచ్చి కూర్చున్నారు, ఒక్కరూ లేవలేదు. రెండో టేకులో అరిచాడు. లైట్‌మెన్‌తో సహా యూనిట్టంతా లేచింది.

అప్పట్నుంచి రోజూ ఒకటే ప్రశ్న: "ఎడిటింగ్‌ల ఉంచుతరా అన్నా?"

సినిమా రిలీజైన మొదటి రోజు మార్నింగ్ షోకి కూతుర్ని కూడా తెచ్చుకున్నాడు. కోర్టు సీను వచ్చింది. తెర నిండా హీరో మొహమే. అతని మొహం లేదు, మాట మాత్రం ఉంది. నేను ఓదార్పులు వెతుక్కుంటున్నాను.

"నాయినా, నీ గొంతే" అంది పిల్ల.

అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలాడు. "అవు బిడ్డా, నాదే" అన్నాడు.

నా మాటలకు హాల్లో ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో నేను లెక్క చూసుకోనిది ఆ ఒక్క ఆటకే.