షీర్లింగ్: మొక్క వేరు, ఊరు వేరు

తొంభైల మధ్యలో నేను ఆత్మకూరు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుండేవాణ్ణి. భర్త పోయాక ఉదయగిరిలో నాయన దగ్గరే ఉంటున్న అక్కకు రొమ్ములో గడ్డ లేచింది. నెల్లూరు డాక్టరు వెంటనే కోయించమన్నాడు. "కత్తి వద్దులేమ్మా," అన్నాడు నాయన. ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వరండాలో హోమియో మందులిచ్చే విశ్రాంత ఉపాధ్యాయుడు ఆమెకు తీపి గుళికలు ఇచ్చాడు. స్త్రీల సమాజం వాళ్లు ఆ సీసా మీద చేతులుంచి ప్రార్థించారు.

మందు పెట్టె మీద జర్మన్ భాషలో షీర్లింగ్ అని ఒక మొక్క పేరు ఉంది. ఆ మొక్క పేరుతో జర్మనీలో ఒక ఊరే వెలసిందనీ, అక్కడ ఎవరికీ గడ్డలు రావనీ ఆ ఉపాధ్యాయుడు చెప్పాడట. నేను తిరుపతి వెళ్లి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వెతికాను. మొక్క పేరుకు మూలం పేడ అనే అర్థమున్న పాత మాట. పెంటకుప్పల పక్కన మొలిచే విషపు మొక్క అది. ఊరి పేరు మాత్రం ఎవరో పూర్వికుడి పేరు నుంచి, అతని వాళ్లు ఉండే చోటు అన్న అర్థంలో వచ్చిందంటారు. గడ్డలు రావన్న మాటకు ఆధారం ఎక్కడా కనబడలేదు.

అదంతా అక్కకు చెప్పాను.

"పెంట మీద మొలిస్తే ఏందిరా? మన గుమ్మడిపాదు యాడ మొలిచింది?" అని నవ్వింది.

"అది విషమక్కా. గుళికల్లో దాని జాడ కూడా ఉండదు, ఉత్త చక్కెర."

"విషమంటావు, చక్కెరంటావు. ఏదో ఒకటి తేల్చుకో అయ్యోరూ!"

"గుళికలు మింగు, వద్దనను. కోయించుకోవడం మాత్రం ఆపొద్దు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "అందరూ చేతులు పెట్టి ప్రార్థన చేసినారు. ఇప్పుడు కత్తికి పోతే, నమ్మకం లేకనే పోయిందనరా?"

కొన్ని నెలలకు గడ్డ చిట్లి నెత్తురు కారినప్పుడు, పోదాం పద అని తానే అంది. బస్సులో సంగం దాటేదాకా నా భుజం మీద తల వాల్చి పడుకుంది. కోసే దశ దాటిపోయిందన్నాడు డాక్టరు. వానలు పడకముందే అక్క పోయింది.

సమాధి చేసి అందరూ వెళ్లాక నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "చదువుకున్నోడివి, నిజం చెప్పు. ఆ పొద్దే కోయించుంటే బతికుండేదా?"

ఆ గడ్డ అప్పటికే ఎంతవరకు పాకిందో ఎవరికీ తెలియదు. బతికేదనడానికి గానీ, బతకదనడానికి గానీ నా దగ్గర ఆధారం లేదు.

"లేదు నాయనా. అప్పుడైనా బతికేది కాదు," అన్నాను.

నాయన నా చెయ్యి వదిలి, అక్కడే కొత్తగా తవ్విన మట్టి మీద కూలబడి, అప్పుడు ఏడ్చాడు.