నేను వేయించిన ఫ్లెక్సీ

మా ప్రాంతంలో ఫ్లెక్సీ కట్టనిదే ఏ పనీ జరిగినట్టు కాదు. పుట్టినరోజుకి ఫ్లెక్సీ, ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ, నాయకుడు వస్తే ఫ్లెక్సీ, మనిషి పోతే సంతాపానికీ ఫ్లెక్సీ. నందిగామ సెంటర్లో బస్సు దిగి తలెత్తితే ఎవరో ఒకరు మనకి నమస్కారం పెడుతూనే ఉంటారు. ఈ పిచ్చిని అందరి ముందూ వెక్కిరిస్తూ తిరిగిన నేనే ఒకటి వేయించాను. దానివల్ల ఒక పిల్ల చదువు ఆగిపోబోయింది. ఆ పిల్ల నాకు చేసిన మేలు రాసి పెట్టుకోవాలని ఇప్పుడు కూర్చున్నాను.

నేను నందిగామలో హైస్కూలు టీచర్ని. మూడేళ్లుగా ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లి, ఒక కాలనీ చర్చి వరండాలో ఆడపిల్లలకు క్లాసు చెబుతున్నాను. ఇరుకు సందులు, రేకుల ఇళ్లు. తల్లులు మిరపకాయల తొడిమలు తీసే పనికీ, తండ్రులు సిమెంటు బస్తాలు ఎత్తే పనికీ పోతారు. ఇంటికొకటే ఫోను, అదీ తండ్రి జేబులో. ఆయన పని నుంచి వచ్చాక ఓ గంట పిల్లల చేతికి వస్తుంది. ఆ గంటలోనే పాఠాలూ, రీల్సూ, ముక్కూమొహం తెలియని వాళ్ల హాయ్‌లూ అన్నీ. అందుకే నా క్లాసంతా ఫోను గురించే. కొత్తవాళ్లకు ఫొటో పంపొద్దు, ఏ స్కూలో చెప్పొద్దు, ఓటీపీ ఎవరడిగినా ఇవ్వొద్దు. ఎవడైనా ఏడిపిస్తే జవాబివ్వకుండా, ఏదీ చెరిపేయకుండా, అన్నీ రాసిపెట్టుకుని పెద్దవాళ్లకు చూపించాలి. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అయినా క్లాసుకొచ్చే పన్నెండుమందీ ఉక్కపోతలో చున్నీలతో విసురుకుంటూ కూర్చుని వినేవాళ్లు.

క్లాసు మొదలుపెట్టి ఏడాది పూర్తయినప్పుడు వాళ్లకు ఏదైనా చేయాలనిపించింది. ఆ కాలనీలో కుర్రాళ్ల మొహాలు ఏడాది పొడుగునా ఫ్లెక్సీల మీద వేలాడుతుంటాయి. ఆడపిల్ల మొహం కనిపించేది ఒకే ఒక్కసారి, ఓణీలప్పుడు. చదువుకున్నందుకు కూడా ఒకసారి కనిపిస్తే ఏం పోయిందని, పిల్లల ఫొటోలు తీసుకుని నేరుగా ఫ్లెక్సీ షాపుకి వెళ్లాను. షాపతను ఫొటోలన్నీ పేర్చి, కింద పేరూ క్లాసూ స్కూలూ వేస్తే నిండుగా ఉంటుందన్నాడు. వేసేయమన్నాను. అక్షరదోషాలు మాత్రం ఒకటికి రెండుసార్లు చూశాను, టీచర్ని కదా.

కాలనీ మొదట్లో రెండు స్తంభాల మధ్య కట్టించాం. పిల్లలు దాని కింద నిలబడి ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటూ నవ్వారు. తల్లులు పని నుంచి వస్తూ వస్తూ ఆగి, పిల్లలకు కారం మంట తగులుతుందని చేతులు వెనక్కి పెట్టుకుని చూశారు. ఆ సాయంత్రం బస్సులో నన్ను చూసి నేనే మురిసిపోయాను.

మూడు వారాల తర్వాత ఒక పిల్ల క్లాసుకి రాలేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసై, పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్న పిల్ల. ఆమె తల్లి వరండా దాకా వచ్చి సంగతి చెప్పింది. ఎవరో ఆ పిల్ల ఫొటోతో, పేరుతో, స్కూలు పేరుతో సహా ఖాతా తెరిచి తెలిసినవాళ్లందరికీ పాడు మెసేజీలు పంపుతున్నారు. తండ్రితో పనిచేసే ఒకతను ఆయనకే తెచ్చి చూపించాడు. ఆయన వారం రోజులుగా కూతుర్ని తిట్టని తిట్టు లేదు. ఫోను ముట్టుకోవద్దన్నాడు, పాలిటెక్నిక్ వద్దన్నాడు, రేపటినుంచి తల్లితో తొడిమల పనికి పొమ్మన్నాడు. కౌన్సెలింగ్ మెసేజీలు వచ్చేది ఆయన ఫోనుకే. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది.

క్లాసు ఆపేసి వాళ్లింటికి పరుగెత్తాను. తండ్రి ఇంకా పని నుంచి రాలేదు. ఆ పిల్లని చూడగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎన్నిసార్లు చెప్పానమ్మా? ఫొటో ఎక్కడ పెట్టావు?" ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆమె లోపలికి వెళ్లి ఒక నోట్సు తెచ్చిచ్చింది. ఖాతా పేరు, ఏ రోజు ఎవరికి ఏం మెసేజీ వెళ్లింది, అన్నీ అవి అందుకున్నవాళ్లని అడిగి, నేను నేర్పినట్టే వరసగా రాసిపెట్టింది. ఆ ఖాతాను నా ఫోనులో తెరిచాను. ఆమె ఫొటో మీద వేలు పెట్టింది.

"మేడం, ఈ మూల చూడండి."

మూలన ఒక ఇనప రింగు, దాంట్లోంచి పోయిన నీలం తాడు. ఎవడో మా ఫ్లెక్సీని ఫొటో తీసి ఆమె మొహం వరకు కత్తిరించాడు. పేరూ స్కూలూ కనుక్కోవడానికి వాడు కష్టపడనక్కర్లేకపోయింది. ఒక్క తప్పు లేకుండా నేనే రాయించి ఇచ్చాను.

అక్కడే కూర్చుని ఇద్దరం ఆ ఖాతా మీద రిపోర్టు కొట్టాం. మర్నాడు వార్డు సచివాలయంలో మహిళా పోలీసు దగ్గరుండి ఫిర్యాదు రాయించింది. కొద్ది రోజులకు ఖాతా పోయింది. చేసిందెవరో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం సాయంత్రం మాత్రం తండ్రి వచ్చేదాకా నేను కదల్లేదు. కనుబొమల నిండా సిమెంటు దుమ్ముతో వచ్చాడు. మొహం కడుక్కునేదాకా ఆగి, నాన్చకుండా చెప్పేశాను.

"తప్పు మీ అమ్మాయిది కాదండి, నాది. ఆ ఫొటో నేను వేయించిన ఫ్లెక్సీలోది."

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. ఆయన నా వైపు చూడలేదు, కూతురి వైపు తిరిగాడు.

"నీకీ సంగతి తెలుసా?"

"మొదటి రోజే తెలిసింది నాన్నా."

"మరి ఇన్ని మాటలంటుంటే చెప్పవేమే?"

"చెబితే మేడంని ఇక్కడికి రానివ్వరు. మిగతావాళ్లందర్నీ కూడా క్లాసు మానిపిస్తారు."

 ఆయన జేబులోంచి ఫోను తీసి, లుంగీకి తుడిచి, కూతురి చేతిలో పెట్టాడు. కాలేజీ వాళ్ల మెసేజీ ఏదో పొద్దున వచ్చిందనీ, తనకు అర్థం కాలేదనీ, చదివి ఏం చేయాలో చూసుకోమనీ అన్నాడు. తర్వాత నాతోపాటు వచ్చి, తనే స్తంభమెక్కి ఫ్లెక్సీ విప్పి చుట్టి ఇచ్చాడు.

ఆ పిల్లకిప్పుడు పాలిటెక్నిక్ రెండో ఏడు. ఆ కాలనీ పిల్లలకు ఎంత మేలు చేస్తున్నారండీ అని నాతో చాలామంది అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ వారమంతా తిట్లు తింటూ పెదవి విప్పకుండా కూర్చున్న పదిహేనేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఆమె ఒక్క మాట చెప్పి తప్పుకుని ఉంటే, ఈ ఆదివారం నేను చెప్పడానికి క్లాసు ఉండేది కాదు.