తుప్పు కాదు, నలుపు

మెరిసే కత్తి కంటపడితే అనంతపద్మనాభం మాస్టారికి చేతులాగవు. చీరాలలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. గృహప్రవేశానికి పిలిచినా సరే, కాఫీ కంటే ముందు వంటింటి కత్తి అడుగుతారు. అది ఇనుముదైతే ఇక అంతే సంగతులు. జిడ్డు పోయేలా కడిగి, తుడిచి, చింతపండు గుజ్జో అరటికాయ తొక్కో పట్టించి, నీలిగా నల్లబడేదాకా దాని ముందే కూర్చుంటారు. ఆపైన కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క రాసి అప్పగిస్తారు.

"తుప్పు పట్టించారేంటండీ బాబూ" అని ఇంటివాళ్ళు లబలబలాడితే, "తుప్పు కాదు, నలుపు. తుప్పు ఇనుముని తింటుంది, నలుపు కాస్తుంది" అంటారు. తగ్గడం ఆయన జాతకంలో లేదు.

భార్య జయకుమారికి ఊరంతా తిరిగి సారీలు చెప్పుకోవడమే సరిపోయేది. ఒంగోల్లో వియ్యపురాలి కొత్త కత్తిపీటకి నిమ్మచెక్క రుద్దిన రోజైతే ఆవిడ తలెత్తుకోలేకపోయింది.

"ఏమండీ, మనం నలుగురిలో తిరగొద్దా?"

"తిరుగుదాం. ఆ కత్తిపీటకి మాత్రం ఇక తిరుగులేదు."

ఈ వేసవిలో పక్కింటి బాలత్రిపురసుందరి గారు బెజవాడ నుంచి ఉక్కు కత్తి ఒకటి తెచ్చుకున్నారు. దాంట్లో చూసుకుని బొట్టు సరిచేసుకునేంత మెరుపు. మాస్టారి భయానికి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. మాగాయ పెట్టే రోజున మాత్రం ఆవిడే తీసి, వంటమనిషి జుబేదాకిచ్చి మామిడికాయలు తరిగించారు. ముక్కలకి ఉప్పు కలిపే హడావిడిలో జుబేదా కత్తి కడగడం మర్చిపోయింది. సాయంత్రానికి కత్తి నిండా నల్లమచ్చలు.

మాస్టారూ జయకుమారీ వాడరేవు వెళ్ళొచ్చి ఆటో దిగేసరికి పక్కింటి వరండాలో పంచాయితీ నడుస్తోంది.

"రేపట్నించి పనిలోకి రావద్దు" అంటున్నారు సుందరి గారు. జుబేదా కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. చీమకుర్తి క్వారీలో నడుం విరిగిన మొగుడు మంచంమీదున్నాడు. ఇల్లు గడిచేది ఈ పనితోనే.

మాస్టారు చరచరా వెళ్ళి కత్తి చేతిలోకి తీసుకున్నారు. "ఆ పిల్లనెందుకంటారు? పూసింది నేను. దొడ్డిదారిన వచ్చి చింతపండు పట్టించిపోయాను. ఇంకో పూత పడితే సమంగా వచ్చేది, ఈలోగా మీరు చూసేశారు."

"మీరా? అడక్కుండానే?"

"నేనెప్పుడైనా అడిగానా?" అన్నారు మాస్టారు గడ్డం పైకెత్తి.

ఊళ్ళో ఎవరైనా కళ్ళుమూసుకుని నమ్మే మాట అది. సుందరి గారు జయకుమారి వైపు తిరిగారు. పొద్దున్నుంచీ ఈ మనిషి తన పక్కనే సముద్రంలో కాళ్ళు తడుపుకుంటూ ఉన్నాడని జయకుమారికి తెలుసు. ఒళ్ళు మండింది, అంతలోనే గుండె నిండిపోయింది. ఈసారి సారీ చెప్పలేదు.

"వద్దన్నానండీ, వింటేగా. అయినా అది తుప్పు కాదు, నలుపు. మంచిదే" అంది.

జుబేదా పని నిలిచింది. మాస్టారికి మాత్రం ఆ వంటింటి గుమ్మం తొక్కే యోగం పోయింది.

ఇంట్లోకొచ్చాక జయకుమారి తలుపు వేసి అడిగింది. "ఈ వయసులో అంత అబద్ధమా?"

"అబద్ధమేముందే?" అన్నారు మాస్టారు, నిజంగానే నొచ్చుకుని. "వీలు చిక్కలేదు, అంతే."