సరోజిని వాళ్ల బావి

మంచిర్యాల బజారులో ఇత్తడి బిందె చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. మన ఈడువాళ్లకు గుర్తుందా, గుంటూరు వైపు కుటుంబాలు వచ్చి మన ఊళ్లలో పొలాలు కొన్న కాలం?

వాళ్లలో ఒకింటి పిల్ల సరోజిని మా ఊరిబావికి నీళ్లకొస్తే, "గీడ మీకు నీళ్లు లేవు, పో" అంటూ నేను ఆమె ఇత్తడి బిందెను తన్నాను. పెద్దవాళ్లెవరూ నన్ను ఆపలేదు. సరోజిని వాళ్లు తమ పొలంలోనే బావి తవ్వుకున్నారు.

ఆ ఎండాకాలం మా బావి ఎండిపోయింది. అవ్వ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి వాళ్ల గట్టు మీదే ఆగిపోయింది.

"మిమ్ముల తోడుకోనియ్యలే. ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

"ముందు పిల్లకు నీళ్లు పట్టండి" అంది సరోజిని వాళ్లమ్మ.

చెంబు అందించింది సరోజినే. తర్వాత రెండు ఊళ్లవాళ్లలా ఉన్నవాళ్లం కలిసి ఊరిబావిని లోతు చేసుకున్నాం. సరోజినికి మాత్రం తప్పయిందని నేనింతవరకూ చెప్పలేదు.